మదర్‌బోర్డు అడుగున మిగిలిన రెండు

ఈ సంగతి వ్రాయడానికి మాకు కొంచెము సిగ్గుగానే ఉన్నది. వ్రాయకుండా ఊరుకుందామని కూడా అనుకున్నాము. కాని మన పాఠకుల ఇళ్ళలో చాలాచోట్ల ఒక పాత కంప్యూటరు మూలన పడి ఉంటుంది. ఇంట్లో చదువుకొనే పిల్లవాడు, "దీనిలో వేరే బోర్డు వేస్తే మళ్ళీ నడుస్తుంది" అంటూ ఉంటాడు. పెద్దవాళ్ళము కదా అని మనము స్క్రూడ్రైవరు పుచ్చుకొని సహాయము చేయబోతాము. అటువంటివారు మేము చేసినట్లు చేయకుండా ఉంటే చాలునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా సంఘపు ఆఫీసు అంటే వేరే భవనమేమీ కాదు. తెనాలిలో మేము ఉండే ఇంటి ముందుగదిలో ఒక బల్ల, ఒక బీరువా, ఒక కంప్యూటరు. అది 2012లో అసెంబుల్ చేయించినది. పాటల కాగితాలు, జమాఖర్చులు, బాప్తిస్మపు రిజిస్టరు, పెళ్ళిళ్ళ రిజిస్టరు అన్నీ దానిలోనే. పదేళ్ళు నడిచింది. 2022 వానాకాలములో ఒకరోజు కరెంటు పోయి వచ్చిన తరువాత అది ఇక లేవలేదు. ప్రక్క రేకు విప్పి చూస్తే, బోర్డు మీద చిన్న డబ్బాలవలె నిలబడి ఉండే కెపాసిటర్లలో నాలుగింటి నెత్తులు ఉబ్బి ఉన్నవి. ఒకదాని నుండి గోధుమరంగు జిగురు కూడా కారింది. ఇక ఆ బోర్డు పని అయిపోయినట్లే.

మా వైపు అందరూ ఆ పెట్టె మొత్తాన్ని సీపీయూ అంటారు. మేమూ చాలా సంవత్సరాలు అలాగే అన్నాము. నిజానికి సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టె అంత ఉండే ప్రాసెసరు మాత్రమే. పెట్టె పేరు క్యాబినెట్. దానిలో కరెంటు సరఫరా చేసేది ఎస్ఎంపీఎస్. వీటన్నిటినీ కలిపి ఉంచే పెద్ద పలక మదర్‌బోర్డు. తల్లి అని ఊరికే అనలేదు. ప్రతి భాగమూ దాని ఒడిలోనే కూర్చుంటుంది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేసుకొనే మా సంఘ సభ్యుడొకరు ఈ విషయము విని ఫోను చేశారు. "అయ్యగారూ, మేము కొత్త కంప్యూటరు కొనుక్కున్నాము. 2017లో కొన్న బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ ఊరికే పడి ఉన్నవి. పంపిస్తాను, వాడుకోండి" అన్నారు. మూడు రోజులలో బస్సు పార్సిలులో వచ్చినవి. క్యాబినెట్, ఎస్ఎంపీఎస్, హార్డ్‌డిస్కు పాతవే ఉంచుకుంటే ఖర్చు ఏమీ లేదు. బిగించేవాడు ఒక్కడు కావాలి, అంతే.

బిగించడానికి మా సంఘములోనే ఒక అబ్బాయి ఉన్నాడు. తండ్రి దర్జీ. అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాడు గాని రెండు పేపర్లు మిగిలిపోయినవి. ఒక సెల్‌ఫోన్ల రిపేరు షాపులో పనిచేస్తూ ఉండేవాడు. మాట తక్కువ. ఏమైనా అడిగితే నేల చూస్తూ జవాబు చెబుతాడు. పేపర్లు తప్పినవాడు, నేల చూపులవాడు అనే లెక్క మా మనస్సులో ముందే పడి ఉన్నది. ఆ రోజు జరిగినదానికి ఆ లెక్క కూడా ఒక కారణమే.

శనివారము మధ్యాహ్నము వచ్చాడు. రాగానే భోజనాల బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డ తీసివేయమన్నాడు. పాలిస్టరు బట్టలు, ప్లాస్టిక్ గుడ్డలు ఒంటికి రాసుకుంటే మన ఒంట్లో విద్యుత్తు చేరుతుందట. మనకు తెలియనంత చిన్న మెరుపు వేలి కొస నుండి దూకినా చిప్పులు పాడు కావచ్చునట. అందుకని క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి చేతితో తాకి, అప్పుడు బోర్డును అంచులు పట్టుకొని బయటకు తీశాడు. బోర్డు చుట్టిన బూడిదరంగు సంచిని మేము బల్ల మీద పరిచి దాని మీద బోర్డు పెట్టబోతే ఆపాడు. "ఆ సంచి లోపల పెట్టి దాచుకోడానికేనండి. దాని మీద పెట్టి కరెంటు ఇవ్వకూడదు. అట్టపెట్టె మీద పెడదాం" అన్నాడు. ఆ సంచి పై పొరకు విద్యుత్తును కొంత ప్రసరింపజేసే గుణమున్నదని మాకు అప్పుడే తెలిసింది.

ప్రాసెసరు, దాని మీది ఫ్యాను బోర్డుకే ఉన్నవి. ర్యామ్ ముక్కలు రెండూ బయటనే పెట్టాడు. ఒకసారి బోర్డు పెట్టెలోకి వెళ్ళిందంటే చెయ్యి దూరడానికి చోటు ఉండదు. ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చే ఫ్యానులకు నాలుగు ప్లాస్టిక్ కాళ్ళు ఉంటాయి. వాటిని ఎదురెదురు మూలలుగా నొక్కాలి. పెట్టెలో బిగించిన తరువాత నొక్కితే బోర్డు విల్లువలె వంగుతుంది. అందుచేత ఫ్యాను పని ఎప్పుడూ బయటనే ముగించుకోవాలని చెప్పాడు.

ఇక పాత బోర్డు విప్పాము. దాని క్రింద, క్యాబినెట్ రేకుకు ఆరు ఇత్తడి స్టాండాఫులు బిగించి ఉన్నవి. ఇవి ఆరు మూలల నట్టువలె ఉండే చిన్న కాళ్ళు. ఎత్తు అర సెంటీమీటరు కన్నా కొంచెము ఎక్కువ. అడుగున మర ఉంటుంది, అది రేకులోకి పోతుంది. పైన రంధ్రము ఉంటుంది, బోర్డు మీదుగా వచ్చే స్క్రూ దానిలోకి దిగుతుంది. చూడడానికి వీటిలో ఏమీ లేదు. కాని బోర్డు వీపున వందలకొద్దీ సోల్డరు మొనలు బయటకు పొడుచుకొని ఉంటాయి. వాటిలో కరెంటు పారుతుంది. క్యాబినెట్ ఇనుము. ఆ మొనలు ఇనుమును తాకకుండా బోర్డును పైకెత్తి పట్టుకోవడమే ఈ ఇత్తడి కాళ్ళ పని. బోర్డు మీద రంధ్రాల చుట్టూ వెండివలె మెరిసే ఉంగరాలు ఉంటాయి. అక్కడ ఇత్తడి తాకినా హాని లేదు, ఆ భాగము గ్రౌండుకు కలిపి ఉంటుంది. ఆ ఉంగరము లేనిచోట ఇత్తడి తాకిందంటే మాత్రము షార్టే.

మేము డిప్లొమా చదివే రోజులలో కళాశాల గ్రంథాలయములో ఒక పాత కంప్యూటరు ఉండేది. దాని స్క్రూల క్రింద ఎర్రని కాగితపు వాషర్లు ఉండడము మాకు జ్ఞాపకము. ఏటీ అనే పాత రకపు బోర్డులకు ప్లాస్టిక్ కాళ్ళు, కాగితపు వాషర్లు వాడేవారు. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే కొలతను ప్రకటించిన తరువాత, రంధ్రాలు ఎక్కడ ఉండాలో ఒక పద్ధతి వచ్చింది. పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు. దానికి సాధారణముగా తొమ్మిది రంధ్రాలు, మూడు వరుసలలో మూడేసి. 1997లో వచ్చిన మైక్రో ఏటీఎక్స్ పొడవు తగ్గి, ఎక్కువలో ఎక్కువ 244 మిల్లీమీటర్ల చదరము. కొన్ని ఇంకా సన్నగా ఉంటాయి. రెండింటికీ పై రెండు వరుసలు కలుస్తాయి. క్రింది వరుస మాత్రము కలవదు. చిన్న బోర్డు ముందే ముగిసిపోతుంది గనుక దాని క్రింది వరుస పైన ఉంటుంది. పెద్ద బోర్డుకు సరిగా ఆ చోట రంధ్రాలు ఉండవు, స్లాట్ల వెనుక సోల్డరు మొనలు ఉంటాయి.

మా పాత బోర్డు సన్నని మైక్రో ఏటీఎక్స్. హైదరాబాదు నుండి వచ్చినది పూర్తి ఏటీఎక్స్. అంటే ఆ ఆరు స్టాండాఫులలో నాలుగు పనికివస్తాయి, రెండు తీసివేయాలి, అయిదు కొత్తవి పెట్టాలి. ఈ లెక్క ఇప్పుడు ఇంత తేలికగా వ్రాస్తున్నాము గాని, ఆ రోజు మేము చేయలేదు.

అబ్బాయి చేయబోయాడు. "అయ్యగారూ, పాత స్టాండాఫులు అన్నీ తీసేసి, బోర్డు రంధ్రాలు లెక్క చూసుకుని మళ్ళీ పెడదామండి" అన్నాడు.

"ఉన్నవాటిని పీకడమెందుకు? పదేళ్ళ నుండి గట్టిగానే ఉన్నాయి గదా. తక్కువైనవి పెడితే సరిపోతుంది" అన్నాము. మంచానికి నాలుగు కాళ్ళు ఉండవలసినచోట ఆరు ఉంటే పడిపోతుందా అని కూడా అన్నట్లు జ్ఞాపకము.

అతడు ఇంకేదో చెప్పబోతూ ఉండగా ఫోను మ్రోగింది. షాపు యజమాని. ఎవరో కస్టమరు ఫోనుకోసము వచ్చి కూర్చున్నాడట. "ఇరవై నిమిషాల్లో వస్తానండి, బోర్డు ముట్టుకోకండి" అని సైకిలెక్కి వెళ్ళాడు.

ముట్టుకోవద్దన్నాడు. మేము ముట్టుకున్నాము. రేపటి ఆరాధనకు పాటల కాగితాలు వేయాలి, గడియారము చూస్తే నాలుగు. మా శ్రీమతి గుండీల డబ్బాలో 2012 నాటి మిగులు స్టాండాఫులు ఏడు దాచి ఉంచినది. అందులో అయిదు తీసి, రంధ్రాలు కనిపించినచోటల్లా చూసుకొని బిగించాము. వెనుకవైపు సాకెట్లకు వచ్చే రేకు పలకను లోపలనుండి నొక్కి కూర్చోబెట్టాము. అది బోర్డు కన్నా ముందే పెట్టాలని మాకు తెలుసును. తరువాత బోర్డును దించి చూశాము. తొమ్మిది రంధ్రాలలోనుండి తొమ్మిది ఇత్తడి కళ్ళు కనిపించినవి. మనస్సుకు ఎంతో హాయిగా ఉన్నది. తొమ్మిది స్క్రూలు బిగించాము.

అడుగున రెండు స్టాండాఫులు కనబడకుండా ఉండిపోయినవని మాకు తట్టలేదు. పైన రంధ్రము లేదు గనుక అవి కనబడే అవకాశమే లేదు.

అబ్బాయి తిరిగి వచ్చి చూసి, ఒక్క క్షణము నిలబడ్డాడు. "స్టాండాఫులు లెక్క చూశారా అయ్యగారూ?" అని అడిగాడు.

"చూశాములే. తొమ్మిదికి తొమ్మిది" అన్నాము.

మేము లెక్కపెట్టినది రంధ్రాలను, స్క్రూలను. అతడు అడిగినది స్టాండాఫులను. ఆ తేడా మాకు ఆ క్షణములోనే తెలుసును. అయినా మళ్ళీ విప్పమంటాడేమోనని ఆ మాట అనివేశాము. అతడు మా మాట మీద ఇంకొక మాట అడగలేదు. అయ్యగారు చెప్పారు గదా.

వైర్లన్నీ కలిపాడు. 24 పిన్నుల పెద్ద ప్లగ్గు, ప్రాసెసరు ప్రక్కన పెట్టే 12 వోల్టుల ప్లగ్గు, ముందు బటను వైర్లు. బటనుకు వైరు ఎటు పెట్టినా పనిచేస్తుందనీ, చిన్న దీపాలకు మాత్రము ప్లస్సు, మైనస్సు చూసుకోవాలనీ చెబుతూ పెట్టాడు. స్విచ్చి వేశాడు. ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ అర చుట్టు. ర్యామ్ మార్చి చూశాడు, ఒక్కటే పెట్టి చూశాడు. అదే తీరు.

"ఎక్కడో షార్టు అవుతోందండి. బోర్డు బయటకు తీసి చూద్దాం" అన్నాడు.

అప్పటికి ఆరున్నర దాటింది. మాకు విసుగు వచ్చింది. "నీవు ర్యామ్ పెట్టేటప్పుడు గట్టిగా నొక్కావు, మేము చూశాము. బోర్డు పోయి ఉంటుంది. ఇక ఈ రోజుకు వదిలిపెట్టు" అన్నాము. ర్యామ్‌ను గట్టిగానే నొక్కాలి, రెండు చివరల క్లిప్పులు టక్కుమని పడేదాకా నొక్కాలి. అది కూడా మాకు తరువాత తెలిసింది. అతడు సామాను సంచిలో వేసుకొని వెళ్ళిపోయాడు.

మరునాడు ఆరాధన తరువాత కమిటీ కూర్చున్నది. కంప్యూటరు సంగతి వచ్చింది. ఒక పెద్దాయన, "పాస్టరు గారూ, అంత విలువైన బోర్డు ఆ కుర్రాడి చేతికి ఎలా ఇచ్చారండీ? సెల్‌ఫోన్ల షాపులో పనిచేసేవాడు. హైదరాబాదు నుండి వచ్చిన బోర్డే లోపల ఉన్నదో, వేరేది ఉన్నదో ఎవరు చూడవచ్చారు?" అన్నారు. ఇంకొకరు నవ్వారు.

మేము ఆ నవ్వులో కలవలేదు. కాని నోరు కూడా తెరవలేదు. బోర్డు మా చేతులతోనే బిగించామని చెప్పడానికి ఒక్క వాక్యము చాలును. ఆ వాక్యము చెబితే మా తొందర, మా అబద్ధము రెండూ బయట పడతాయి. "చూద్దాము లెండి" అని తరువాతి విషయానికి వెళ్ళాము.

చిన్న ఊళ్ళో మాట సాయంత్రానికే ఇల్లు చేరుతుంది. సోమవారము ఉదయము ఆ అబ్బాయి తండ్రి వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉన్నది, మిషను మీదనుండి లేచి వచ్చినట్లున్నాడు. కుర్చీ చూపితే కూర్చోలేదు. "మావాడి వల్ల పోయిందేమన్నా ఉంటే ఎంతో చెప్పండయ్యగారూ. నెలనెలా కట్టుకుంటాను. వాడు తీశాడని మాత్రం అనకండి" అన్నాడు.

మా శ్రీమతి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన త్రాగలేదు. ఆయన వెళ్ళిన తరువాత ఆమె మమ్మును చూచి, "గుండీల డబ్బాలోవి మీరే గదా తీసుకెళ్ళింది" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

మంగళవారము మేమూ ఆ అబ్బాయీ పెట్టెను దుప్పటిలో చుట్టి రైలెక్కి విజయవాడ వెళ్ళాము. రమ్మంటే వచ్చాడు. దారిలో ఏమీ మాట్లాడలేదు. పెట్టెను ఒళ్ళోనే పెట్టుకొని కూర్చున్నాడు. ప్లాట్‌ఫారము మీద కూడా మమ్మును పట్టుకోనివ్వలేదు.

మేము వెళ్ళిన రిపేరు షాపులో నడివయస్సు మెకానిక్ ఒకాయన ఉన్నాడు. స్విచ్చి వేసి, ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగడము చూడగానే ప్లగ్గు పీకివేశాడు. స్విచ్చి ఆపినా ఎస్ఎంపీఎస్ నుండి బోర్డుకు 5 వోల్టులు వస్తూనే ఉంటుందట, అందుకని విప్పేముందు ప్లగ్గు గోడనుండి తీసివేయాలట. బోర్డు విప్పి బయట అట్టపెట్టె మీద పెట్టాడు. ప్రాసెసరు, ఒక్క ర్యామ్ ముక్క, రెండు కరెంటు ప్లగ్గులు. అంతే. ముందు బటను వైరు పెట్టే రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణము కలిపాడు.

ఫ్యాను తిరిగింది. తిరుగుతూనే ఉన్నది. మానిటరు మీద అక్షరాలు వచ్చినవి.

ఆయన ప్లగ్గు తీసి బోర్డును తిరగవేశాడు. వీపున, స్లాట్ల వెనుక, రెండుచోట్ల చిన్న గుండ్రని గీతలు పడి ఉన్నవి. క్యాబినెట్‌లోకి టార్చి వేసి చూసి ఇత్తడి కాళ్ళు వేలితో లెక్కపెట్టాడు. పదకొండు.

"తొమ్మిది ఉండాల్సినచోట పదకొండు ఉన్నాయి. ఎస్ఎంపీఎస్ మంచిది గనుక షార్టు పసిగట్టి ఆగిపోయింది. నాసిరకం దైతే బోర్డు కాలిపోయేది. వెనుక పలక నాలుక కూడా నెట్‌వర్కు సాకెట్లోకి దూరి ఉంది చూడండి. ఎవరండీ బిగించింది?" అన్నాడు.

అబ్బాయి మా వైపు ఒకసారి చూసి, తల దించుకొని, "మేమేనండి" అన్నాడు.

ఈ వ్యాసములో మొదటినుండి మేము, మేము అని వ్రాస్తూ వస్తున్నాము. పత్రికలకు వ్రాసేటప్పుడు మాకు అది అలవాటు. ఆ రోజు ఆ షాపులో ఆ అబ్బాయి నోట ఆ మాట విన్నప్పుడు మాత్రము మాకు గొంతు పట్టుకున్నది. అతని "మేము"లో అతని తప్పు ఏమీ లేదు.

"అతడు కాదండి. అతడు వద్దన్నాడు. లెక్క చూశారా అని అడిగితే చూశామని చెప్పినది కూడా మేమే" అన్నాము. మెకానిక్‌కు ఇదంతా అక్కరలేని సంగతి. ఆయన తల ఊపి, ఆ రెండు స్టాండాఫులు విప్పి మా చేతిలో పెట్టాడు.

తరువాత ఆయన పని జాగ్రత్తగా చూశాము. అబ్బాయి శనివారము చేస్తానన్నది ఇదే. మొదట స్టాండాఫులన్నీ తీసివేశాడు. ఒక పాత వార్తాపత్రిక కాగితము మీద బోర్డు పెట్టి, తొమ్మిది రంధ్రాలలోనుండి పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. ఆ కాగితాన్ని క్యాబినెట్ రేకు మీద ఆనించి, గుర్తులున్నచోట మాత్రమే స్టాండాఫులు బిగించాడు. ముందు వ్రేళ్ళతో, తరువాత పట్టకారుతో కొద్దిగా. కొన్ని క్యాబినెట్లలో రంధ్రాల ప్రక్కన ఏ బోర్డుకు ఏదో తెలిసేలా అక్షరాలు కూడా పోసి ఉంటాయట, మాదానిలో లేవు. వెనుక పలకలో స్ప్రింగువలె ముందుకు పొడుచుకొని ఉన్న నాలుకలను సరిచేశాడు. బోర్డును ఏటవాలుగా పట్టి, సాకెట్ల వైపు ముందు పలకలోకి పంపి, తరువాత రెండోవైపు దించాడు. లాగకుండానే రంధ్రాలు ఇత్తడి మీదికి వచ్చినవి.

స్క్రూల విషయములో మేము మరొక తప్పు కూడా చేశాము. కంప్యూటరు పెట్టెలలో రెండు రకాల స్క్రూలు ఉంటాయి, ముతక మరవి, సన్న మరవి. సన్న మరవాటిని ఎం3 అంటారు, ముతకవాటిని 6-32 అంటారు. చూపుకు రెండూ ఒకటే. ఒకదానిది ఇంకొకదానిలో బలవంతముగా తిప్పితే మర చెడి పట్టుకుపోతుంది. విప్పేటప్పుడు స్క్రూతోపాటు స్టాండాఫు కూడా తిరుగుతూ వస్తుంది. మేము బిగించినవాటిలో ఒకటి అలాగే వచ్చింది. వ్రేళ్ళతో రెండు మూడు చుట్లు సులువుగా దిగకపోతే అది ఆ మర స్క్రూ కాదని తెలుసుకోవాలి. తొమ్మిదింటినీ మొదట వదులుగా పెట్టి, తరువాత ఎదురెదురుగా ఒక్కొక్కటి బిగించాడు. స్క్రూ తల బోర్డుకు ఆనగానే ఇంకొద్దిగా తిప్పి ఆపాడు. బలము చూపితే బోర్డులో తీగలవలె పరచిన రాగి గీతలు తెగవచ్చును.

ఆయన తీసుకొన్నది మూడు వందలు. హార్డ్‌డిస్కు కలిపితే పాత రిజిస్టర్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నవి.

తిరుగు రైలులో అబ్బాయికి చెప్పవలసినది చెప్పాము. ఏమి చెప్పామో ఇక్కడ వ్రాయము. అతడు కిటికీవైపు చూస్తూ విన్నాడు. తెనాలి వస్తూ ఉండగా, "బోర్డు బాగానే ఉంది గదండి, అదే చాలు" అన్నాడు.

ఇంటికి వెళ్ళక ముందే దర్జీ కొట్టు దగ్గర ఆగాము. తండ్రి మిషను ఆపలేదు. సంగతి అంతా విన్నాడు. "సరేనండి" అన్నాడు. కాసేపటికి, "కమిటీలో అన్న మాట కమిటీలోనే పోవాలి గదండి" అన్నాడు, కుట్టు మీదనుండి కళ్ళు ఎత్తకుండానే.

ఆదివారము కమిటీలో చెప్పాము. స్టాండాఫులు రెండూ బల్ల మీద పెట్టి, ఎవరు బిగించారో, ఎవరు వద్దన్నారో, ఎవరు లెక్క చూశామని అబద్ధము చెప్పారో వరుసగా చెప్పాము. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నవ్వినాయన, "పోనీలెండి, పనిచేస్తోంది గదా" అన్నారు. మొదట అనుమానము చెప్పిన పెద్దాయన మాత్రము లేచి, చెప్పులు వేసుకొని, నేరుగా దర్జీ కొట్టు వైపు వెళ్ళారు. అక్కడ ఏమి మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

అబ్బాయి తరువాత రెండు నెలలు మా ముందుగదిలోకి రాలేదు. ఆరాధనకు వచ్చేవాడు, వెనుక వరుసలో కూర్చొని వెళ్ళిపోయేవాడు. మేము కబురు పెట్టలేదు. పనికోసము పిలిస్తే వస్తాడు, అది మాకు తెలుసును. అందుకే పిలవలేదు.

2023 జనవరిలో ఒక సాయంత్రము తనంతట తానే వచ్చాడు. లోపల దుమ్ము పట్టి ఉంటుంది, బ్రష్షుతో తుడుస్తానన్నాడు. ప్లగ్గు గోడనుండి తీసి, ప్రక్క రేకు విప్పాడు. మా శ్రీమతి టీ తెచ్చింది. ఈసారి స్క్రూడ్రైవరు మేము తీసుకోలేదు, టార్చి పట్టుకొని నిలబడ్డాము. అతడు తుడవడము ముగించి, సంచిలోనుండి చిన్న స్క్రూడ్రైవరు తీసి, స్క్రూలు వదులైనవేమో ఒక్కొక్కటే తాకి చూడసాగాడు. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టాడు. ఆరు దగ్గర ఆగి, తల ఎత్తి మా వైపు చూశాడు.

మిగిలిన మూడూ మేము లెక్కపెట్టాము.